భీమిలి గాలిలో వెయ్యి అడుగులు

ఎనభైల మొదట్లో మా ఇంట్లో రేడియోతో నడిచే విమానం ఒకటి ఉండేది. రెక్కల పొడవు అయిదడుగులు. మా ఆయన పోర్టులో పని చేసేవారు. సెలవు రోజులన్నీ దాన్ని చెక్కడంలోనే గడిచాయి. ఇంజన్ని, చేత్తో పట్టుకుని నడిపే రేడియో పెట్టెని ఓడల్లో పని చేసే మా తమ్ముడు జపాను నుంచి తెచ్చాడు. రెక్కలకు అతికించింది నా పాత పట్టుచీర. నేను లెక్కల టీచర్ని కాబట్టి ఎత్తు కొలిచే పని నాకిచ్చారు.

ఆఫీసులో ఆయన్ని అందరూ బొమ్మల మాస్టారని ఏడిపించేవారు. ఒక శనివారం ఆయనకు రోషం వచ్చి, సోమవారానికల్లా వెయ్యి అడుగుల ఎత్తుకి ఎగరేసి వచ్చి చెబుతానని మాటిచ్చేశారు.

మర్నాడు చర్చి నుంచి నేరుగా భీమిలి బస్సెక్కాం. రెక్కలు దుప్పటిలో చుట్టి నా ఒళ్లో పెట్టుకున్నాను. ఊరి చివర మైదానంలో జెండా పాతి, అక్కడి నుంచి పడమటికి టేపుతో అయిదువందల అడుగులు కొలిచి నేను నిలబడ్డాను. విమానం సరిగ్గా జెండా పైకి రాగానే జెండా దగ్గర ఆయనతో ఉన్న తమ్ముడు తువ్వాలు ఊపాలి. సీసపు గుండు వేలాడదీసిన కోణమానినితో నేను కోణం చూడాలి. అరవై మూడున్నర డిగ్రీలు వస్తే వెయ్యి అడుగులు.

ఇంజను కాలిన ఆముదం వాసన వదులుతూ లేచింది. కాసేపటికి విమానం గద్దంత అయింది, తరవాత పిచ్చుకంత. తమ్ముడు తువ్వాలు ఊపాడు. అరవై ఏడు డిగ్రీలు. గుణిస్తే పదకొండువందల డెబ్బై ఎనిమిది అడుగులు.

ఆ అంకె చూసి నేనూ సంతోషించాను. కానీ ఇంజను మోత వాళ్ల మీంచి కాక, నాకూ వాళ్లకూ మధ్య నుంచి వస్తోంది. సముద్రపు గాలి విమానాన్ని నా వైపు నెట్టుకొచ్చింది. దగ్గరికొస్తే కోణం ఎలాగూ పెరుగుతుంది, ఎత్తు పెరగక్కర్లేదు.

విమానం దిగాక దగ్గరికెళ్లాను.

"ఏటి, లెక్క తేలిందా టీచరమ్మా?" అన్నారు ఆయన.

"తేలింది. కొలతే తేలలేదు. అది జెండా మీద లేదు."

"నడినెత్తి మీదుందప్పా, నాను సూసేను కదా," అన్నాడు తమ్ముడు.

"మెడ ఎత్తి చూస్తే అంత ఎత్తున ఉన్నదేదైనా నడినెత్తి మీదే అనిపిస్తుంది."

"ఈవిడ దేవుడొచ్చి సెప్పినా టేపెట్టి కొలుత్తాది బావా. నువ్వు వెయ్యని సెప్పీ. మీ ఆఫీసోలొచ్చి సూత్తారేటి?"

ఆయన ఇంజను కేసి చూశారు. మిగిలిన ఇంధనం ఒక్కసారికే సరిపోతుంది. మళ్లీ కావాలంటే తమ్ముడి ఓడ వెళ్లి రావాలి.

"పడుకో బావా," అన్నారు తమ్ముడితో.

"ఎక్కడ?"

"జెండా పక్కన. ఎల్లకిలా."

"కొత్త సొక్కా బావా ఇది."

"సొక్కా కన్నా మాట పెద్దది. పడుకో."

తమ్ముడు గొణుక్కుంటూ మట్టిలోనే వెల్లకిలా పడుకున్నాడు. అలా చూస్తే నిటారుగా పైన ఉన్నదేదో తెలుస్తుంది. గాలికి అడ్డంగా ఉండేలా నేను ఉత్తరం వైపుకు మారి, దూరం మళ్లీ కొలుచుకున్నాను. ఈసారి ఆయన గాలికి ఎదురుగా మెల్లగా ఎక్కించారు. చివరి చుక్క వరకూ ఎక్కించారు. మోత ఆగిపోయే ముందు తువ్వాలు లేచింది.

అరవై రెండు డిగ్రీలు. తొమ్మిదివందల నలభై అడుగులు. రెండుసార్లు చూసుకున్నాను, మారలేదు.

ఇంజను ఆగిన విమానం నా పాత చీర రంగుతో ఎండలో మెరుస్తూ, చప్పుడు లేకుండా చాలాసేపు తిరిగి తిరిగి దిగింది. ముగ్గురం అలాగే చూస్తూ ఉండిపోయాం. అంకె చెబితే ఆయన తలూపి రెక్కలు విప్పడం మొదలెట్టారు. బస్సులో తమ్ముడు తన చొక్కాకంటిన ఎర్రమట్టి ఎవరు ఉతుకుతారని దారంతా అడుగుతూనే ఉన్నాడు.

సోమవారం రాత్రి భోజనాల దగ్గర ఆయనే ఎత్తారు ఆ మాట.

"తొమ్మిదివందల నలభై అన్నాను. ఆ అరవై కలపడానికి నీకు నోరు రాలేదేటి అని ఆఫీసులో ఒకటే నవ్వు."

"మీరేమన్నారు?"

"కొలిసినావిడ ఇంట్లోనే ఉంది, కలిపితే కూడు పెట్టదన్నాను."

చేపల పులుసు మరో గరిటె వేయమని కంచం జరిపారు.