హీటరు పక్కన కొమ్మలు

ఐలా మిషిగన్ ఉత్తరపు కొసన చలికాలంలోనూ ఆకు రాల్చని స్ప్రూస్ చెట్ల మీద పరిశోధన చేస్తున్న విద్యార్థిని. గడ్డకట్టే చలిలో రోజూ పొద్దున్నే అడవికి వెళ్లి, కోసిన కొమ్మలను పసిపిల్లల్లా తన మఫ్లర్లో చుట్టి తెస్తుంది. అవి ఎండను ఎంత వాడుకుంటున్నాయో మర్నాడు యంత్రంలో పెట్టి కొలుస్తుంది. "నడిచలికాలంలోనూ ఆకులు పనిచేస్తున్నాయి!" అంటూ మూడు నెలల అంకెలు గోడకు అంటించింది.

ల్యాబులో యంత్రాలు చూసుకునే ముసలి రైమో అవి చదివి, "కొలిచేదాకా కొమ్మలెక్కడ పెడతావమ్మాయ్?" అన్నాడు.

"హీటరు పక్కన, నీళ్లలో. పాపం, చలికి బిగుసుకుపోయి ఉంటాయిగా."

"మరి ఆ వెచ్చదనానికి నిద్ర మేలుకోక చస్తాయా?"

ఐలా మెల్లగా హీటరు వైపు తిరిగింది. పారేయడానికి మనసొప్పక ఉంచుకున్న పోయిన నెల కొమ్మ, బయట మోకాటిలోతు మంచుండగానే, లేత చిగుళ్లు వేసి ఉంది. రోజూ దానికి నీళ్లు మార్చింది తనే.