పానకం వడకట్టిన ఫ్లానెల్ సంచి

పెళ్ళయి రాజోలు దగ్గర అత్తవారింటికి వచ్చేదాకా చెరుకు పానకం ఇంట్లో కాచుకుంటారని నాకు తెలియదు. మా పుట్టింట్లో సీసాతో కొనేవాళ్ళం. ఇక్కడ అలా కాదు. చలికాలం వచ్చిందంటే మా మావయ్యగారు రేవు దాటి, లంకలో ఉన్న తన చిన్ననాటి స్నేహితుడి గానుగ దగ్గరికి వెళ్ళి, రెండు పాల క్యాన్ల నిండా చెరుకు రసం పట్టించుకుని ఆటోలో తెచ్చేవారు. పెరట్లో రాళ్ళ పొయ్యి మీద వెడల్పాటి ఇత్తడి గంగాళం ఎక్కించి, కొబ్బరి డొక్కలతో మంట పెట్టి, పొద్దున్నే మొదలెడితే మధ్యాహ్నం భోజనాలవేళకి రసం చిక్కబడి తేనె రంగుకి వచ్చేది. మళ్ళీ చలికాలం దాకా దిబ్బరొట్టెలోకి ఆ పానకమే.

మావయ్యగారు అమలాపురంలో ఒక కాలేజీ సైన్సు ల్యాబులో అటెండరుగా చేసి రిటైరయ్యేరు. గాజు సామాను కడిగి బోర్లించడం, కొలిచి పొయ్యడం ఆయన చేతికి అలవాటు. మాట మాత్రం బహు తక్కువ. ఇంట్లో మాటలన్నీ అత్తయ్యగారివే. ఆవిడ మా చర్చి స్త్రీల కూటానికి పెద్ద. మా ఆయన ఉద్యోగం కాకినాడలో, శనివారం వచ్చి సోమవారం వెళ్ళేవారు. నేను ఊళ్ళో బడికి వెళ్ళొచ్చేదాన్ని. అలా వారమంతా ఇంట్లో మేం ముగ్గురమే.

నేను వచ్చిన రెండో ఏడు అత్తయ్యగారికి పైపళ్ళు తీసేసి కట్టుడు పళ్ళ సెట్టు పెట్టేరు. నెల్లాళ్ళకి అలవాటు పడ్డారు. ఆ తరవాత ఒకరోజు రొట్టె కాల్చి, పక్కన పానకం గిన్నె పెడితే ఆవిడ గిన్నె పక్కకి జరిపి, అల్లం పచ్చడి ఉంటే వెయ్యమన్నారు. ఈమధ్య తీపి సయించడం లేదన్నారు. నేను నమ్మేశాను. మావయ్యగారు నమ్మలేదు. ఓ వారం చూసి, ఆవిడ కూటానికి వెళ్ళినప్పుడు జాడీ మూత తీసి, పానకం బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి చూసుకున్నారు. నన్ను పిలిచి నా వేళ్ళ మీద కూడా ఓ చుక్క వేశారు.

"ఇసకలా తగుల్తుందా అమ్మా?"

తగిలింది. చాలా సన్నం, కంటికి కనపడదు. చెరుకు మీది మట్టో, రసంలో మడ్డి తేలడానికి వేసే సున్నమో, పొయ్యిలోంచి ఎగిరి పడిన బూడిదో. అన్నేళ్ళుగా పాత పంచె ముక్కతో వడకట్టేస్తుంటే పెద్ద నలకలే ఆగేవి, ఇది గుడ్డలోంచి దిగిపోయేది. పళ్ళున్నవాళ్ళకి తెలిసేది కాదు. సెట్టుకీ చిగుళ్ళకీ మధ్య దూరితే గుచ్చుకుంటుంది.

"మనం కష్టపడి కాచేం కదా, వంక పెట్టడం ఎందుకని మీ అత్తయ్య చెప్పలేదు. నువ్వూ అడక్కు," అన్నారాయన. ఆయ్ అన్నాను.

ఆ ఏటి పానకానికి ఇక చేసేదేం లేదు. మరుసటి చలికాలం కోసం ఆయన కూర్చుని ఆలోచించడం మొదలెట్టేరు. ముందు స్టీలు జల్లెడ కొన్నారు. టీ వడకట్టుకోడానికి తప్ప పనికిరాలేదు. తరవాత రాజమండ్రి వెళ్ళి సైన్సు సామాన్ల కొట్లో వడపోత కాగితాలూ, ఒక గాజు గరాటూ తెచ్చేరు. కాగితం నాలుగు మడతలు పెట్టి గరాటులో కుదిర్చి, వేడి పానకం పోశారు. ఒక్కో చుక్కా రాలుతోంది. పొద్దుటినించి సాయంత్రానికి టీ గ్లాసుడు కూడా దిగలేదు, గరాటు చుట్టూ చీమలు మాత్రం దిగేయి. ల్యాబులో అన్నీ నీళ్ళలాంటివే వడకట్టేమని, ఇది కదలదని చెప్పి ఆయనే నవ్వుకున్నారు.

మూడోసారి పాడు చేసింది నేను. కొత్త మల్లుగుడ్డ నాలుగు పొరలు వేసి చూద్దామన్నారు. గుడ్డకి గంజి ఉంటుంది కదా అని నేను సబ్బుపొడి వేసి నానబెట్టి, బండ మీద బాది ఉతికి ఆరేశాను. నా ఉద్దేశం మంచిదే. వడకట్టేక పానకం చూడ్డానికి బావుంది గానీ ముక్కు దగ్గర పెడితే చాకిరేవు వాసన. ఒక క్యానుడు రసం, అరపూట మంట, అంతా పోయింది. నాకు ఏడుపొచ్చింది. మావయ్యగారు చెంచాతో రుచి చూసి, "గుడ్డ ఎలా ఉతకాలో చెప్పకపోవడం నాదే తప్పమ్మా," అన్నారు. పారబొయ్యనివ్వలేదు. వేరే జాడీలో పోయించుకుని, ఈస్టరు దాకా ఆ సబ్బు పానకం రోజూ తనే రొట్టెతో తిన్నారు. బావుందా అని ఒక్కరోజు కూడా నేను అడగలేకపోయాను.

ఫ్లానెల్ సంగతి చెప్పింది రాజోల్లో ఆయన చొక్కాలు కుట్టే టైలరు. చంటిపిల్లలకి కుట్టే దళసరి గుడ్డ, దానికి నూగు ఉంటుంది, సన్నం నలక ఆ నూగులో చిక్కుకుంటుందని అన్నాడట. నేను ట్రైనింగుకని అమలాపురం వెళ్తుంటే, రంగు లేనిది, పువ్వులు లేనిది రెండు మీటర్లు తెమ్మన్నారు మావయ్యగారు. కొట్లో గుడ్డ చింపుతూ అక్కడి ఆవిడ ఎన్నో నెల అని అడిగింది. నేను డబ్బులిచ్చి వచ్చేశాను.

ఇంటికొచ్చి బ్యాగు బల్ల మీద పెట్టి కాళ్ళు కడుక్కునే లోపు అత్తయ్యగారు గుడ్డ బయటికి తీసేరు. నేను గుమ్మంలోకి వచ్చేసరికి దాన్ని చెంపకి ఆనించుకుని నిలబడ్డారు. మాకు పెళ్ళయి అప్పటికి నాలుగో ఏడు. కూటంలో ఎంతమంది అడిగేవారో నాకు తెలుసు. ఆవిడ మాత్రం నన్ను ఎప్పుడూ అడగలేదు. ఆ సాయంత్రమే మొదటిసారి అడిగేరు.

"చెప్పనేలేదేమ్మా?"

పానకం వడకట్టడానికండీ, మావయ్యగారు తెమ్మన్నారు, అని ఎలాగో చెప్పేను. ఆవిడ గుడ్డని మళ్ళీ మడతల ప్రకారం మడిచి బల్ల మీద పెట్టి, దాని మీద చెయ్యి వేసి ఉంచేరు. ఇంతలో మావయ్యగారు పెరట్లోంచి వచ్చి మా ఇద్దరి ముఖాలూ చూశారు. ఇక దాచి లాభం లేదనుకుని, పళ్ళ సెట్టులో గుచ్చుకునే ఇసక సంగతి ఆయనే చెప్పేశారు.

"నాకు గుచ్చుకుంటందని మీకెవరు చెప్పేరండీ?" అన్నారావిడ.

"రొట్టె పచ్చడితో తింటన్నావుగా."

అత్తయ్యగారు గుడ్డ నా చేతిలో పెట్టి, "ముందు పానకానికి కుట్టించండమ్మా. మిగిలిన ముక్క బీరువాలో దాస్తాను. తొందరేం లేదు," అన్నారు. నేను వంటింట్లోకి వెళ్ళి, పనేమీ లేకపోయినా చాలాసేపు అక్కడే ఉండిపోయాను. నాలుగేళ్ళుగా నా భుజాల మీద ఉన్న బరువు ఆ రెండు మాటలతో సగం దిగింది.

టైలరు గుడ్డని కిందకి మొన తేలేలా పొడుగు టోపీలాగా కుట్టి, పైన చుట్టూ నాలుగు నాడాలు పెట్టేడు. ఈసారి సబ్బు మాట లేదు. ఉత్త నీళ్ళలో మూడుసార్లు మరిగించి, నీళ్ళు తేటగా వచ్చేదాకా జాడించేం. స్టూలు తలకిందులుగా పెట్టి, నాలుగు కాళ్ళకీ నాడాలు కట్టి, కింద స్టీలు బిందె పెట్టేం. సంచి పొడిగా ఉంటే పానకం పీల్చేస్తుందని వేడినీళ్ళలో తడిపి పిండేరు మావయ్యగారు. పైన పల్చటి పంచె ముక్క పరిచేరు, పెద్ద మడ్డి దాని మీదే ఆగితే సంచి తొందరగా పూడుకుపోదని. పానకం పొయ్యి మీంచి దించిన వేడి మీదే పొయ్యాలి, చల్లారితే దిగదు.

మొదట రెండు నిమిషాలు ఏమీ రాలేదు. తరవాత మొన నించి సన్నటి దార దిగింది. నాకు ఆత్రం ఆగక సంచిని పిండబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపేరు. పిండితే ఆగిన ఇసక కూడా దిగిపోతుందట. దాని మానాన దాన్ని దిగనివ్వమన్నారు. ముగ్గురం బిందె చుట్టూ పీటలేసుకుని కూర్చున్నాం. అత్తయ్యగారు మధ్యలో రెండుసార్లు లేచి వెళ్ళి గ్లాసు తెచ్చుకుని, అందులో పట్టుకుని ఎండకేసి చూసుకున్నారు. అవతల పక్క కూర్చున్న నా చీర రంగు కూడా గ్లాసులోంచి కనపడుతోందన్నారు.

మర్నాడు రొట్టె కాల్చేను. ఆవిడ ఓ ముక్క పానకంలో ముంచి నోట్లో పెట్టుకుని నెమ్మదిగా నమిలేరు. మావయ్యగారు పేపరు చదువుతున్నట్టు కూర్చున్నారు గానీ పేజీ తిప్పలేదు. ఆవిడ ఇంకో ముక్క వెయ్యమన్నారు. ఆ తరవాత మరోటి.

రెండేళ్ళకి మాకు అమ్మాయి పుట్టింది. బీరువాలోని ముక్కతో అత్తయ్యగారు దానికి రెండు చొక్కాలు కుట్టించేరు.

మా పానకం సంగతి చర్చి వాళ్ళకి ఎలాగూ తెలిసింది. నాకూ ఒకటి కుట్టించండని అడిగేవాళ్ళు ఎక్కువయ్యేరు. అత్తయ్యగారికి చెప్పి చెప్పి విసుగొచ్చి, ఒక గురువారం ప్రార్థన అయ్యేక స్త్రీల కూటంలో మావయ్యగారినే వచ్చి చెప్పమన్నారు. ఆయన రానంటే రానన్నారు. చివరికి ఇస్త్రీ చొక్కా వేసుకుని, సంచీ స్టూలూ పట్టుకుని వచ్చేరు. మొదట నేలకేసి చూస్తూ మాట్లాడేరు. గుడ్డ మరిగించే దగ్గరికి వచ్చేసరికి తలెత్తేరు. ల్యాబులో పిల్లలకి చూపించినట్టు, నాడా ముడి ఎక్కడ వెయ్యాలో, ఎందుకు పిండకూడదో, వాడేక వేడినీళ్ళతోనే ఎందుకు కడిగి నీడన ఆరెయ్యాలో అన్నీ చెప్పేరు. పాతికమంది ఆడవాళ్ళు కదలకుండా విన్నారు. వెనకనించి ఒకావిడ లేచి, దీంతో కొబ్బరినూనె వడకట్టుకోవచ్చా అండీ అని అడిగింది.

మావయ్యగారు కొంచెం ఆలోచించి, "అది నేను చెయ్యలేదండీ. చేసి చూసి, వచ్చే గురువారం చెబుతాను," అన్నారు.