శుక్రవారం అమావాస్య, ఎన్నూరు బురద

మేము తాతల కాలంనాడే నెల్లూరు పక్కనించి అరవదేశానికి వచ్చి పురసవాక్కంలో దిగిపోయిన తెలుగోళ్ళం. అరవంలో బేరాలాడతాం, అరవంలో చదువుకుంటాం, కోపమొస్తే అరవంలోనే తిట్టుకుంటాం. అమావాస్య వచ్చిందంటే మాత్రం నిఖార్సయిన తెలుగోళ్ళమైపోతాం. అరవోళ్ళకి అమావాస్య మంచిరోజు. అంగడి తెరవాలన్నా, కొత్త పని మొదలుపెట్టాలన్నా ఆ రోజు కోసరం కాచుకొని ఉంటారు. మాకేమో ఆ రోజు గడప దాటితే గండం. పక్కింటోళ్ళు కొత్త స్కూటరుకి టెంకాయ కొడతా ఉంటే, ఆ చప్పుడు మాకు తగలకూడదన్నట్టు మా అత్త కిటికీ మూసేసేది.

అత్త అంటే మా నాయనకి సొంత అక్క. మా పక్క మేనరికాలు మామూలే. చిన్నప్పుడు నన్ను చంకనేసుకొని తిప్పిన మనిషి, పెండ్లయినాక అదే చనువుతో నన్ను తిట్టేదానికి హక్కు సంపాదించుకుంది. నేనూ తక్కువదాన్నేం కాదు. ఆమెని నువ్వు అనే అంటాను, మాటకి మాట ఎదురు చెప్తాను. మా ఆయనకి వ్యాసర్పాడి యార్డులో రైల్వే ఉద్యోగం, షిఫ్టు డ్యూటీ. మేమిద్దరం మొదలుపెట్టినామంటే టిఫిన్ క్యారియరు పట్టుకొని గమ్మున జారుకునేవాడు.

తొంభైల్లో నాకు మూడు పనులుండేవి. మొదటిది బురద. ఎన్నూరులో సముద్రం నీళ్ళు లోపలికి వచ్చే పాయ ఒకటుంది. పక్కనే కరెంటు ఫ్యాక్టరీ, దాని వేడి నీళ్ళూ, బూడిదా. ఆ బురదలో బతికే సన్న సన్న పురుగుల మీద నా పరిశోధన. అవి ఎప్పుడు పెరుగుతాయి, ఎప్పుడు చస్తాయి, ఏడాది పొడుగునా చూడాల. అమావాస్యనాడు నీళ్ళు బాగా వెనక్కి పోయి బురద బయట పడుతుంది కాబట్టి, ప్రతి అమావాస్యకీ నేను పడవెక్కి ఆడికి పోయి, అవే చోట్ల బురద తవ్వి సీసాలకి ఎత్తుకొని రావాల. మా అత్త దృష్టిలో ఇంతకంటే పాపిష్టి చదువు ఇంకొకటి లేదు. అమావాస్య, అందులో నీళ్ళు, అందులో పురుగులు.

రెండోది నటన. కాలేజీ రోజుల్నించీ నాటకాలు వేసినదాన్ని. టీవీ సీరియళ్ళు పెరిగేసరికి నాకూ వేషాలొచ్చినాయి. మొదట్లో ఒక అరవ సీరియల్లో మొగుడు పోయిన ఆడమనిషిని. తెల్లచీర, బోసి నుదురు. నా బురద పురుగులేమో మామూలుగా కంటికి ఆనవు, ల్యాబులో గులాబీ రంగు పట్టిస్తేనే కనపడతాయి. ఆ రంగు వేళ్ళకి అంటితే ఎంత రుద్దినా పోదు. ఒకనాడు నేను చేతులతో మొహం కప్పుకొని ఏడుస్తా ఉంటే డైరెక్టరు షాటు ఆపేసి, మొగుడు పోయి మూడోనాడే గోరింటాకు పెట్టుకొని కూర్చున్నావేందమ్మా అన్నాడు. సెట్టంతా నవ్వింది. మేకప్ ఆమె వేలు వేలుకీ పౌడరు పూస్తా, ఎందుకమ్మా నీకీ రెండు పిచ్చులు, ఏదో ఒకటి పెట్టుకోరాదా అనింది. నాకు ఒళ్ళు మండింది. మగోడు పగలు ఆఫీసు, సాయంత్రం సంగీత సభ అంటే ఎంత తెలివైనోడో అంటారు. అదే నేనైతే పిచ్చి.

మూడోది రాత. ఒక తెలుగు మాసపత్రికలో పిల్లల పెంపకం మీద నెలనెలా ఒక పేజీ. డాక్టర్లు రాస్తే చదివేవాళ్ళు నిద్రపోతున్నారని, ఇంట్లో పిల్ల ఉండే మనిషి చేత రాయించాలని ఆ సంపాదకుడి పట్టుదల. నా కూతురు అప్పుడే ఒకటో తరగతి. అది అన్నం తినకుండా చేసే మాయలూ, దాని అబద్ధాలూ, దాని భయాలూ, నేను వాటికి పడే పాట్లూ ఉన్నవి ఉన్నట్టు రాసేదాన్ని. పత్రిక రాంగానే అత్త కండ్లద్దాలు పెట్టుకొని మొత్తం చదివి, మడిచి పక్కన పెట్టి, ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడిందంట అనేది. అని, మళ్ళీ ఆ పత్రికని ఎదురింటి తెలుగామెకి ఇచ్చి పంపేది.

మూడిట్లో ఏది వదలమన్నా వదిలేదాన్ని కాదు. మూడూ నావే. బురదలో ఓపిక నేర్చుకుంటే అది పిల్ల దగ్గిర పనికొచ్చింది, పిల్లని చూసి నేర్చుకున్న ఏడుపు కెమెరా ముందర పనికొచ్చింది. ఇదంతా ఎవురికి చెప్పినా నవ్వుతారు కాబట్టి చెప్పడం మానేసినాను.

ఇట్లా ఏడాది తిరిగి ఆఖరి అమావాస్య వచ్చింది. అది తప్పితే వరస తెగిపోతుంది. వరస తెగితే మళ్ళీ మొదట్నించి ఇంకో ఏడాది. నాకొచ్చే స్టైపెండు ఆ నెలతో ఆఖరు, ల్యాబులో నా బల్ల అప్పటికే ఇంకొకరికి రాసిపెట్టేసినారు. ఆ ఒక్క అమావాస్యే నా డిగ్రీ అని మా గైడు మొహం మీదనే చెప్పినాడు. సరిగ్గా అదే అమావాస్యనాడు, శుక్రవారం పొద్దున, ఆ డైరెక్టరు కొత్త సీరియల్‌కి పూజ పెట్టుకున్నాడు. ఈసారి నాది పెద్ద వేషం, ఇంటికి పెద్ద కూతురు. పూజ కాగానే మొదటి షాటు నా మీదనే. ఆయనకది మంచిరోజు మరి. పదిన్నరకి రాహుకాలం వచ్చేలోపల షాటు తీసి పంపించేస్తానని మాటిచ్చినాడు. పాయలో నీళ్ళు దిగేది మధ్యాహ్నం రెండు దాటినాక. రెండూ కుదురుతాయి అనుకున్నాను.

ఆ రోజు పిల్లకి బడి లేదు. నేను తయారవుతా ఉంటే అత్త ఎప్పటిలాగే గడపలో అడ్డంగా కూర్చునింది. శుక్రవారం అమావాస్య, ఇవాళ నీళ్ళ మీదికి పోతే పిల్లని నేను చూసుకోను అని ఈసారి తేల్చి చెప్పేసింది. నేను బతిమాలినాను, తరవాత అరిచినాను. అప్పుడు ఆమె గూట్లోంచి ఆ నెల పత్రిక తీసి నా ముందర పడేసింది.

"రాస్తివి గదా, పిల్లలు మనం చెప్పేది వినరు, చేసేది చూస్తారని. తీసకపో. నువ్వు చేసేది చూడనీ."

నేను ఆగిపోతాననే ఆ మాట అనింది. పిల్లని పెట్టుకొని అమావాస్యనాడు ఎన్నూరు ఎవురు పోతారు? కానీ ఆమెకి నేను మేనకోడల్ని, ఆ మొండితనం ఆ ఇంటి నించే వచ్చింది. గబగబా పిల్లకి గౌను తొడిగి, జడలేసి, చెప్పులేసి గుమ్మంలో నిలబెట్టినాను. అత్త దాన్ని చూసింది, నన్ను చూసింది. లోపలికి పోయి చీర మార్చుకొని, కుంకుమ బొట్టు దిద్దుకొని, గొడుగు పట్టుకొని వచ్చింది. నీకోసరం కాదు, నా మనవరాలి కోసరం అనింది. నాకు తెలిసినన్నాళ్ళలో ఆమె అమావాస్యనాడు గడప దాటడం అదే మొదలు.

సాలిగ్రామంలో అద్దె బంగళాలో పూజ. అత్త ఒక మూల కుర్చీలో మనవరాలిని ఒళ్ళో బిగించి కూర్చోని, వాళ్ళు కెమెరా పెట్టె ముందర టెంకాయ కొట్టడం, గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించడం నోరు తెరుచుకొని చూస్తా ఉంది. ఒక్కరి మొహంలోనూ భయం లేదు. పూజ బాగానే జరిగింది. లైట్లు సరిచేసుకునే లోపల రాహుకాలం వచ్చి పడింది. పన్నెండు దాకా క్లాపు కొట్టేదానికి లేదు. సరే అని ఓర్చుకున్నాను. పన్నెండైంది. నిర్మాత బావమరిది వచ్చి కెమెరా స్విచ్చి వెయ్యాలంట, ఆయన దారిలో ఉన్నాడంట, అందరూ భోజనం చేసేయండి అన్నారు.

నేను డైరెక్టరు దగ్గిరికి పోయి, ఇప్పుడు తీస్తే తీయండి, లేదంటే నేను పోవాల అని చెప్పినాను. ఇట్లాంటి వేషం కోసరం ఎంతమంది గేటు కాడ నిలబడి ఉన్నారో తెలుసా, పోతే మళ్ళీ రావద్దు అన్నాడు. ఆ వేషం నాకు ఎంత కావాలో నాకే తెలుసు. అద్దం ముందర ఆ పెద్ద కూతురి నడక నెల రోజులు నడిచినదాన్ని. అయినా పోయి చీర మార్చుకున్నాను. వేషం ఇంకోటి వస్తుంది, రాకపోతే లేదు. ఆ బురద మాత్రం ఈ రోజుది రేపు దొరకదు.

నేను బయటికొచ్చేసరికి డైరెక్టరు అత్త ముందర నిలబడి ఉన్నాడు. పెద్దవాళ్ళు మీరన్నా చెప్పండమ్మా, ఈ పిల్లకి బుద్ధి లేదు, అమావాస్య పూట ఇంత మంచి అవకాశం కాలితో తంతా ఉంది, ఇంట్లో అదుపు లేకపోతే ఇంతే అంటున్నాడు. ఏడాదిగా అత్త నన్ను అంటున్న మాటలే అవి, ఒకటో రెండో తక్కువ. ఇంకేముంది, ఇద్దరూ ఒకటైనారు అనుకున్నాను. అత్త గొడుగు ఊతంగా పట్టుకొని లేచింది.

"అది నా తమ్ముడి బిడ్డ, నా ఇంటి కోడలు. దానికి బుద్ధి ఉందో లేదో ఇంట్లో నేను చూసుకుంటా. నడిమధ్య నువ్వెవురయ్యా అనేదానికి?"

అరవంలోనే అనింది, ఆయనకి బాగా అర్థమయ్యేటట్టు. అని, పిల్ల చెయ్యి పట్టుకొని నాకంటే ముందు గేటు దాటింది. ఆటోలో నేను థాంక్స్ లాంటిది ఏదో గొణిగితే, నోరు మూసుకో, నీ సంగతి ఇంటికి పోయినాక చెప్తా అనింది.

సెంట్రల్ నించి ఎలక్ట్రిక్ ట్రెయిన్‌లో ఎన్నూరు చేరేసరికి నీళ్ళు దిగిపోయినాయి. పడవాయన, నేను రానేమోనని, తాడు విప్పేస్తా ఉన్నాడు. అత్తనీ పిల్లనీ గట్టు మీద తుమ్మచెట్టు కింద కూర్చోబెట్టి పరిగెత్తినాను. మోకాలి లోతు బురదలో ఒక చెప్పు పోయింది, వెతకలేదు. ఒక చోటు, ఇంకో చోటు, గుర్తుకి నాటిన కర్రల దగ్గిరల్లా తవ్వి సీసాలు నింపుకుంటా పోయినాను. ఆఖరి కర్ర దగ్గిరికి పోయేసరికి నీళ్ళు మళ్ళీ ఎక్కుతున్నాయి. చెయ్యి భుజం దాకా లోపల పెట్టి దొరికినంత పట్టుకున్నాను. ఆ సీసా మూత బిగించినాక పడవలో కూర్చోని గట్టిగా ఏడ్చినాను. పడవాయన నా వైపు చూడకుండా గడ వేసుకుంటా పోయినాడు.

గట్టు మీద అత్త కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకొని, ఇంకో చేత్తో పిల్ల గౌను పట్టుకొని నిలబడి ఉంది. నేను పడవ దిగేదాకా ఆమె కూర్చోలేదంట, పిల్ల చెప్పింది. ఒక సీసా తీసుకొని ఎండకి ఎత్తి చూసింది. బురదలో కంటికి ఆనేటంత పెద్దది, వెంట్రుకంత పురుగు ఒకటి మెలికలు తిరుగుతా ఉంది.

"దీనికోసరమా, ఏడాది పొడుగునా నా ప్రాణాలు తోడేస్తివి?"

అవును అన్నాను. ఆమె ఇంకాసేపు చూసి, ఇంత గబ్బులో ఎట్లా బతకతా ఉందో ముండ అని, ఆ సీసాని ఇంటికి చేరేదాకా తన ఒళ్ళోనే పెట్టుకునింది. నా చేతికియ్యలేదు.

ఆ సీరియల్ ఏండ్ల తరబడి నడిచింది. నా వేషం వేసినామెని ఇప్పటికీ జనం బజారులో అక్కా అని పిలుస్తారు. నాకు కడుపు మండలేదంటే అబద్ధం. ఆ డైరెక్టరు మళ్ళీ పిలవలేదు, ఇంకొకరు పిలిచినారు. పత్రికలో పేజీలన్నీ కలిపి తరవాత పుస్తకం వేసినారు. ఆ అమావాస్య గురించి కూడా అందులో రాసినాను, అత్త తిట్లు తీసేసి.

మరుసటేడు నా వైవా, థీసిస్ మీద అందరి ముందరా జరిగే పరీక్ష. తెలుగు తెలీని పెద్దాయన ఒకరు పరీక్ష చేసేదానికి వేరే ఊరినించి వచ్చినాడు. అత్త పట్టుచీర కట్టుకొని ఆఖరి వరసలో కూర్చునింది, పక్కన నా కూతురు. ఆయన థీసిస్ తిరగేస్తా తిరగేస్తా ఆగి, ఏడాదిలో ఒక్క అమావాస్య కూడా తప్పలేదే, చిన్న పిల్ల ఉండే మనిషివి, ఎట్లా సాధ్యమైంది అని అడిగినాడు. దానికి నా దగ్గిర జవాబు తయారుగా ఉంది. వానలో పోయిందీ, జ్వరంతో పోయిందీ, వేషం వదులుకొని పోయిందీ అంతా గొంతులోకి వచ్చేసింది. నేను నోరు తెరిచే లోపల, నా కూతురు ఆ ప్రశ్నని అత్త చెవిలో తెలుగులో చెప్పేసినట్టుంది, వెనకనించి గొంతు వినిపించింది.

"నేనే పంపించినా."

గదిలో అందరూ వెనక్కి తిరిగినారు. నేనూ తిరిగినాను. ప్రతి అమావాస్యకీ గడపలో అడ్డం కూర్చున్న మనిషి, కండ్లు ఆర్పకుండా, గొడుగు ఒళ్ళో పెట్టుకొని, కాదను చూద్దాం అన్నట్టు నన్నే చూస్తా ఉంది. ఆమె ఏమంటున్నారు అని పెద్దాయన నన్ను అడిగినాడు.

"ఆమె మా అత్త, సార్. నన్ను పంపించింది ఆమే" అని చెప్పినాను. ఆయన తలూపి, పేజీ తిప్పినాడు.