చిల్లు లేని గరిటె

సెత్తిమో చేతికి ఏది చిక్కినా దానికి చిల్లు పడాల్సిందే. ఇటలీలో, బొలోన్యా ఊరి చివర, రేసు మోటారు సైకిళ్లు చేసే చిన్న కార్ఖానాలో ముప్పై ఏళ్లుగా ఆయన పని అదే. ఏ ముక్కలో బరువు ఊరికే కూర్చుందో కనిపెట్టి, తొలిచి పారేయడం. బరువు తగ్గితే బండి ముందుగా ఉరుకుతుంది, ఆలస్యంగా బ్రేకు పట్టినా ఆగుతుంది, మలుపులో మాట వింటుంది. ఇంజను బలం పెంచడం డబ్బున్నవాడి పని, బరువు తగ్గించడం బుద్ధున్నవాడి పని అని ఆయన నమ్మకం. ఆ బుద్ధి తనకే ఉందని ఇంకా గట్టి నమ్మకం.

ఆ పిచ్చి ఇంటిదాకా పాకింది. బెల్టు బిళ్లకు చిల్లులు, తాళంచెవులకు చిల్లులు. ఒక క్రిస్మస్‌కు భార్య యోలే గరిటె కాడకు కూడా వరసగా చిల్లులు వేసి మురిసిపోయాడు. పండగ భోజనంలో చుట్టాలందరి ముందు ఆ కాడ వంగి, వేడి వేడి తోర్తెల్లీనీ పాస్తా సూపంతా బల్లగుడ్డ పాలైంది.

"నన్ను తొలవలేదు, బతికిపోయాను" అంది యోలే. ఆ మాట ఏటా అంటూనే ఉంది.

ఆ ఏడు ఇమోలా పందెం సెత్తిమోకు చివరిది, ఆ తర్వాత విశ్రాంతే. అందుకే చలికాలమంతా బండిని చెక్కుతూ కూర్చున్నాడు. బండి నడిపే కుర్రాడు లెయార్కో మాత్రం ఒకటే పాట పాడాడు.

"పెద్దాయనా, ఫుట్‌రెస్టులు మరీ పలచన. మలుపులో నేల గీరితే విరుగుతాయి, నా కాలు పోతుంది. ఉక్కువి వెయ్యవా?"

"ముందు నువ్వు రెండు ప్లేట్ల పాస్తా తగ్గించు, తర్వాత చూద్దాం."

పందెం రోజు పొద్దున తనిఖీ కాటా మీదికి బండి ఎక్కింది. తనిఖీ అధికారి కళ్లద్దాలు సవరించుకుని రెండోసారి చూశాడు. కనీసం ఇంత బరువుండాలన్న నిబంధనకు బండి దాదాపు కిలో తక్కువ.

"సరిచేసుకు రండి. లేదంటే పందెం లేదు."

నిబంధన సంగతి అందరికీ తెలుసు. దాని కిందికి దిగే మొనగాడొకడు ఉంటాడని ఎవరూ అనుకోలేదు. చివరి వారం సెత్తిమో ఎవరికీ చెప్పకుండా మరికొన్ని ముక్కలు తొలిచి, తూచడమే మరిచాడు.

యజమాని బరాల్దీ తల పట్టుకున్నాడు. "సీటు కింద సీసం దిమ్మ కట్టేద్దాం."

"సీసమా? పనీపాటా లేని బరువు నా బండికా? ముందు నన్ను చంపి కట్టు!"

"మరి ఇంటికి పోదామా?"

సెత్తిమో బండి చుట్టూ తిరిగాడు. ఏడుపొక్కటే తక్కువ. చివరికి నేల చూపులు చూస్తూ లెయార్కోను అడిగాడు.

"ఉక్కు ఫుట్‌రెస్టులు నీ పెట్టెలో ఉన్నాయి కదూ?"

"నీకెవరు చెప్పారు?"

"వ్యానులోకి ఎత్తింది నేనేగా. బట్టలు అంత బరువుంటాయా?"

చలికాలమంతా కాదన్నవాడు తన చేతులతోనే వాటిని బిగించాడు. సన్న బోల్టులు తీసి మామూలు ఉక్కు బోల్టులు వేశాడు. కాటా ఒప్పుకుంది.

చివరి చుట్టులో లెయార్కో మలుపులో మరీ వాలాడు. ఫుట్‌రెస్టు రోడ్డును గీరి నిప్పురవ్వలు లేచాయి. సెత్తిమోకు పై ప్రాణాలు పైనే పోయాయి. బండి తూలి, తమాయించుకుంది. నాలుగో స్థానం వచ్చింది. లెయార్కో రెండు కాళ్ల మీద నడిచి వచ్చాడు.

వంగిన ఫుట్‌రెస్టును సెత్తిమో తడిమి చూశాడు. "నాదైతే విరిగేదిరా. తిట్టు నన్ను."

"తిడతాలే. ముందు పాస్తా పెట్టించు, రెండు ప్లేట్లు."

ఆ వారంలోనే యోలే వంటింట్లో కొత్త గరిటె వేలాడింది. కాడ నిండు ఉక్కు. ఆమె చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చిల్లుల కోసం వెతికింది.

"ఏమయ్యా, ఇంత బరువుందేం?"

"ఉండనీ. ఊరికే కూర్చునే బరువు కాదది."

యోలే గరిటెను గిన్నెలో నిండా ముంచి, బల్లగుడ్డ వైపు చూడకుండానే ఆయన పళ్లెంలో వడ్డించింది.