నంగనాచి నీళ్లు

పద్మారావు నగర్‌లోని నీటి పరీక్షల ల్యాబులో కల్పలత ఇరవై రెండేళ్లుగా ఒకే ప్రశ్నకు జవాబు చెబుతోంది: ఈ నీళ్లు తాగొచ్చా? ఈసారి మాత్రం గోదావరి పక్కనున్న ఓ బోరు నీళ్లు వేరే ప్రశ్నతో వచ్చాయి: భూమి లోపల వేడి ఎంత? పైకొచ్చేసరికి నీళ్లు చల్లారిపోతాయి గానీ, లోతులో ఆ వేడికి రాళ్లలోంచి కరిగించుకున్న సిలికాను అంత తొందరగా వదులుకోవు. దాన్ని కొలిస్తే లోపలి గుట్టు బయటపడుతుంది.

లెక్క వేస్తే నూట పది డిగ్రీలు తేలింది! కల్పలతకు నమ్మబుద్ధి కాలేదు. నీళ్లు పట్టుకొచ్చిన డ్రైవర్ విజయేందర్‌ను పిలిచింది.

“గాజు సీసాల పట్టలేదు కదా? గాజుల సుత సిలికా ఉంటది, లెక్క చెడుతది.”

“లే మేడమ్, ప్లాస్టిక్‌దే. మీరు చెప్పినట్లే మూడుసార్లు కడిగిన.”

మళ్లీ పరీక్ష చేసింది. మళ్లీ నూట పదే! కల్పలత కుర్చీతో సహా గిర్రున తిరిగింది. సీసాను చెంపకు ఆనించుకుంది. చల్లగా ఉంది.

“కడుపుల గింత మంట పెట్టుకొని, ఎంత నంగనాచి లెక్క కూసున్నవే!”

విజయేందర్ బిత్తరపోయి కడుపు పట్టుకున్నాడు.

“మేడమ్, బోరు కాడ నేను రెండు గ్లాసులు తాగిన. ఇంతకీ... తాగొచ్చా?”