బాపు కారుల రాగి తీగ

మా చిన్నప్పుడు... గౌలిపురల పొద్దున అయిదు కాంగనే గల్లీ మొత్తం సైకిళ్ల మీద పాల క్యాన్ల చప్పుడే. మా ఒక్క ఇంటి ముంగట మాత్రం కారు స్టార్టయ్యేది. స్టార్టయ్యేది అంటున్న గని... దగ్గి, వణికి, ఆఖరికి ఎట్లనో లేచేది.

పాలు పోసే మా బాపుకు మోకాలు ఖరాబై సైకిల్ తొక్కుడు బందైంది. ఇగ ఇంట్ల కూసో అన్నరు అందరు. ఆయన ఇంటడా... ఎక్కడిదో పాత కారు తెచ్చి, ఎనక సీటు పీకేసి, క్యాన్లు పెట్టిండు. "పాలోడికి కారంట" అని గల్లీ గల్లీ నవ్వింది. నవ్వనీ. మేం ఆ కారుకు పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయ కట్టి తోలినం.

ఫలక్‌నుమా గడ్డ మీద మాకు రోజు పాలు పోసే వాడిక ఇండ్లు ఉండె. నిండు క్యాన్లతోని గడ్డ సగం ఎక్కంగనే కారు గుంజుడు బంద్ చేసేది. ఇంజన్ కాలిపోతుండె. ఏడో తరగతి చదివే నేను ఉరికి దిగి చక్రం కింద రాయి పెట్టాలె. సైకిళ్లోళ్లు గూడ గంట కొట్టుకుంట మమ్మల్ని దాటిపోతుండ్రి... నేను చక్రం కాడ తల వంచుకునేదాన్ని.

మా మెకానిక్‌ను అందరు ఉస్తాద్ అనేటోళ్లు. ఛత్రినాక దిక్కు ఆయన షెడ్డు. తెల్ల గడ్డం, చేతులు మాత్రం ఎప్పటికీ నలుపే. ప్లగ్గులు ఇప్పి నాకు సూపెట్టేటోడు. "దేఖో బేటీ, ప్లగ్గు మూతి చాయ్ రంగు ఉండాలె. గిట్ల తెల్లగైందంటే ఇంజన్‌కు పెట్రోల్ సాల్తలేదు, గాలే తాగుతుంది" అనేటోడు. పాయింట్లు సరిచేసి, కార్బొరేటర్ కడిగి, తనే ఒక రౌండ్ తోలుకొచ్చేటోడు. షెడ్డు కాడ కారు మస్తు ఉరికేది. తెల్లారి గడ్డ మీద మళ్ల అదే కథ.

బాపు పోయి లొల్లి పెట్టుకునేటోడు. "ఏం పని చేసినవ్ భాయ్, ఒక్క రోజు గూడ నిలువదు." ఉస్తాద్ తల పట్టుకునేటోడు. ఇన్నేండ్ల చేతికి గీ మచ్చ ఏందని ఆయన ఫికర్.

మరి నిజం ఏందంటే... బాపు ఇంటి కాడ కార్బొరేటర్ మూత ఇప్పి, పెట్రోల్ వచ్చే జెట్టు బొక్కల ఎంట్రుకంత రాగి తీగ దూర్చేటోడు. తక్కువ తాగుతదని. ఉస్తాద్ కాడికి పోయే ముందు మెల్లగ తీసి జేబుల ఏసుకునేటోడు, చూస్తే తిడుతడని. ఇంటికి రాంగనే మళ్ల దూర్చుడు. తను తినకున్నా బర్రెలకు దాణా తక్కువ చెయ్యని మనిషి... కారు కాడికొచ్చేసరికి అంత పిసినారి.

తెల్లగైన ప్లగ్గు చూసినంక నాకు సమజైంది. ఆ తీగ తీసెయ్యమని బాపుకు చెప్పిన. ఒకసారి కాదు, నాలుగుసార్లు. "నీకెందుకే, ఆడపిల్లవు. పోయి గిన్నెలు తోము" అన్నడు.

పాలు లేటైతున్నయని గడ్డ మీద ఇండ్లోళ్లు వేరేటోళ్ల దగ్గర పోయించుకునుడు షురూ చేసిండ్రు. ఒకనాడు బాపు ఇంటికొచ్చి చెప్పులు గూడ ఇడువకుండ అరుగు మీద కూసుండు. "రేపు పాత ఇనుము కొనే కబాడీ ఆయన వస్తుండు. కారు ఇచ్చేస్తున్న. పాల పని గూడ బందే" అన్నడు. బాపు గొంతు అట్ల నేనెప్పుడు ఇనలే. ఎదురింట్ల ఎవరో నవ్విండ్రు. ఎందుకు నవ్విండ్రో గని, మమ్మల్నే అనుకున్న.

తెల్లారి క్యాన్లు ఎక్కిచ్చినంక బానెట్ లేపిన. గల్లీల అందరు చూస్తుండంగనే స్క్రూడ్రైవర్ పెట్టి మూత ఇప్పిన. బాపు ఉరికొచ్చి "చెయ్యి తియ్యి" అన్నడు. తియ్యలే. ఆ తీగను గుంజి ఆయన అరచేతుల పెట్టిన.

"బర్రెకు దాణా సగం చేసి పాలు నిండుగ ఇయ్యమంటే ఇస్తదా బాపు? దీనికి మాత్రం ఎందుకు కడుపు మాడుస్తున్నవ్?"

చెయ్యి లేపిండు. కొడ్తడనుకున్న. కదలలే నేను. ఆ చెయ్యి పోయి బానెట్ మూసింది. "కూసో" అన్నడు.

గడ్డ సగంకి రాంగనే నేను అలవాటుగ తలుపు మీద చెయ్యి ఏసిన, రాయి పెట్టనీకి. కారు ఆగలే. ఒక్కొక్క సైకిల్‌ను దాటుకుంట పోయినం. కిటికీల నుంచి తల బయట పెట్టి అందరి మొఖాలు చూసిన... సిగ్గు లేకుండ చూసిన. పైకెక్కినంక బాపు కారు ఆపిండు. ఆయన కండ్లల్ల నీళ్లు. అన్న మాట... "ఉస్తాద్‌కు చెప్పకు బిడ్డ."

ఇంటికి వచ్చేసరికి కబాడీ ఆయన నిలబడి ఉండె. బాపు చాయ్ తాపి పంపిచ్చిండు.

ఉస్తాద్‌కు చెప్పిన. ఆ పొద్దే పోయి చెప్పిన. తప్పు మాది, మాట పడ్డది ఆయన... నేనెట్ల ఊకుంట? ఆయన తిట్టలే. బాపును పిలిపిచ్చి, ఆయన ముంగటనే నా చేతుల పానా పెట్టిండు. "ఇగ ఈ కారు ట్యూనింగ్ బేటీ చేస్తది. మీరు ముట్టొద్దు" అన్నడు. బాపు సరే అనక తప్పలే.

ఇప్పుడు నేను చేసేది ఇదే పని. కార్బొరేటర్లు పోయినయ్... లాప్‌టాప్ పెట్టి ట్యూనింగ్ చేస్తున్న. ఉస్తాద్ లేడు, షెడ్డు జాగల సెల్‌ఫోన్ల దుకాణం. ఉంటే రోజు తీస్కొచ్చి నా పక్కన కూసోబెట్టుకుందును.

పెద్ద పెద్ద కార్లేసుకొని వస్తరు. నన్ను చూసి, నా ఎనక చూస్తరు... "మెకానిక్ ఏడి మేడం?" అని. మొదట్ల జవాబు చెప్తుంటి. ఇప్పుడు చెప్పను... బానెట్ లేపుత.

ఇంజన్లు ఇంత మారినయ్ గని, ఆ చూపు మాత్రం ఇంక మారలే. "నీకెందుకే" అన్న పనిల చెయ్యి పెట్టి, తియ్యకుండ నిలబడ్డోళ్లు మీల ఎవరన్న ఉంటే కింద రాయుండ్రి... తిన్న తిట్లు గూడ దాచకుండ రాయుండ్రి. అన్ని బాపుకు చదివి ఇనిపిస్త. ఇనక ఆయన యాడికి పోతడు.