బరాత్ బండికి టర్బో ఇంజన్

నా పుణ్యమా అని ఒక పెళ్లి ఆగిపోబోయింది. పెళ్లికొడుకు మాయమయ్యాడు, బ్యాండు మేళం తలో దిక్కు పరుగెత్తింది, మా బాపు పరువు గోదావరి ఇసుకలో ఇరుసుల దాకా దిగబడింది. ఇవేవీ నేను కాదనను. కానీ మంథనిలో ఈ కథ చెప్పుకునే ప్రతివాడూ తప్పంతా నా ఒక్కడి నెత్తిన రుద్ది, కడుపుబ్బ నవ్వి, పైగా మా ఇంట్లోనే చాయ్ తాగి పోతున్నాడు. ఇన్నేళ్లు ఓర్చుకున్నాను. ఇక నా వల్ల కాదు. జరిగింది జరిగినట్టు చెప్తాను, ఎవరి తప్పు ఎంతో మీరే తేల్చండి.

తొంభైలు అప్పుడే మొదలైన రోజులు. మా బాపుకు ఒక పాత పెట్రోలు కారు ఉండేది. దాని కంపెనీ పేరు చెప్పను, పాపం వాళ్ల తప్పేమీ లేదు. ఆ కారు అచ్చం బాపు లాగే దగ్గుకుంటూ, ఎవరితోనూ పోటీ పడకుండా నడిచేది. పెద్దపల్లి రోడ్డు మీద బస్సు దాన్ని దాటిపోయేది, లారీ దాటిపోయేది. ఒకనాడు పాలక్యాన్లు కట్టుకున్న మోపెడ్ దాటిపోయింది. పోతూ పోతూ ఆ పాలాయన వెనక్కి తిరిగి నా వైపు జాలిగా చూశాడు. అదే నన్ను చంపింది. కోపంగా చూసినా పడేవాణ్ణి. పొలం పనులు బాపు చూసుకునేవాడు, నాకు తినడం తప్ప వేరే పని లేదు. అలాంటి మనిషిని ఎవరైనా జాలిగా చూడొచ్చునా?

సరిగ్గా అప్పుడే మా పెద్దబాపు కొడుకు సత్తన్న దుబాయ్ నుంచి సెలవు మీద దిగాడు. నల్ల కళ్లద్దాలు, వీధి మలుపు నుంచే తెలిసిపోయే సెంటు వాసన.

"తమ్మీ, కారు మార్చకు, ఇంజన్ మార్చు," అన్నాడు. "అక్కడ బండ్లకు టర్బో ఉంటది. తొక్కితే భూమి ఎనుకకు పోతది."

"టర్బో అంటే ఏందన్నా?"

"కమ్మరి కొలిమి చూసినవు గద. తిత్తి ఊదితే నిప్పు భగ్గుమంటది. గట్లనే బయటకు పోయే పొగ ఒక చక్రాన్ని తిప్పుతది, గా చక్రం ఇంజన్లకు గాలి ఊదుతది. పొగ ముఫత్, తాకత్ ముఫత్. పైస ఖర్సు లేదు."

ఇంత చక్కగా చెప్పినవాణ్ణి ఎవరు నమ్మరు? సత్తన్న దుబాయ్‌లో రొట్టెల దుకాణంలో పిండి పిసికేవాడని మాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. టర్బో బండిని అతను చూసిన మాట నిజమే. రోడ్డు దాటుతూ చూశాడు.

ఇంతలో మా చెల్లె సుజాత పెళ్లి కుదిరింది. వరుడు మధుకర్, ఉట్నూరులో లెక్కల సారు. నవ్వితే మార్కులు తగ్గుతాయేమో అన్నంత గంభీరమైన మనిషి. బాపు నన్ను పిలిచి, "బరాత్‌కు మన కారే పెడుదాం. కరీంనగర్ తీసుకపోయి ఇంజన్ జర సూపిచ్చుక రా," అన్నాడు. సూపిచ్చుక రమ్మన్నాడే గానీ మార్చుక రమ్మనలేదని ఇప్పుడు అందరూ అంటారు. మార్చొద్దని మాత్రం అన్నాడా?

నేనూ సత్తన్నా కరీంనగర్‌లో యూసుఫ్ మిస్త్రీ షెడ్డుకు పోయాం. నా ముందు మూడు దారులు పెట్టాడాయన. ఒకటి, ఉన్న ఇంజన్‌నే విప్పి బాగు చేయడం. రెండు, టాక్సీల వాళ్లంతా బిగించుకునే మామూలు డీజిల్ ఇంజన్. "తిండి తక్కువ, కొట్లాడది, చెప్పినట్టు ఇంటది," అన్నాడు. నేను కోడలిని వెతకడానికి రాలేదన్నాను. మూడోది మందమర్రిలో పాత సామాన్ల వ్యాపారి దగ్గర ఉంది. జపాన్ వ్యాను నుంచి ఊడదీసిన టర్బో ఇంజన్.

వెళ్లి చూశాం. నల్లగా, బలిసి, పక్కన నత్తగుల్లలాంటి ఇనుప బుర్రతో దున్నపోతులా కూర్చొని ఉంది. నాకు చూడగానే ప్రేమ పుట్టింది.

"మిస్త్రీ సాబ్, ఇంతకుముందు టర్బో బిగించిండ్రా?" అని అడిగాను. చూశారా, అడిగాను. అడగలేదని ఎవరూ అనడానికి లేదు.

యూసుఫ్ మిస్త్రీ మొహం చిన్నబుచ్చుకున్నాడు. "పటేలా, ఇరవై ఏండ్ల సంది కరీంనగర్ల ఉన్న. నన్ను గీ మాట అడిగినోడు లేడు."

నిజమే. ఆ ఇరవై ఏండ్లలో టర్బో కావాలన్నవాడు కూడా లేడు. ఆ సంగతి అప్పుడు నా బుర్రకు తట్టలేదు.

ఇంజన్ కొన్నాం, బిగించారు. బానెట్ మూతపడకపోతే దానికి బొక్క కొట్టి, నత్తగుల్లను బయటకు చూడనిచ్చారు. బరువుకు కారు మూతి నేలకు వంగి, మేత మేసే బర్రెలా తయారైంది.

"మరి బ్రేకులు?" అన్నాను.

"పాతయే మంచిగున్నయ్. మంచిగున్నదాన్ని ఎందుకు ముట్టుడు?" అన్నాడు మిస్త్రీ.

"బండి ఉరుకుతందుకు చేపిచ్చుకుంటున్నం, ఆగుతందుకు కాదు," అని సత్తన్న వంత పాడాడు.

ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు. మాకు బ్రేకూ లేదు, బానెట్టూ లేదు, కారు పేరు టర్బో.

అయినా ఒక్క మాట నిజాయితీగా చెప్పాలి. ఖాళీ రోడ్డు మీద ఆ బండి బంగారం. తొక్కగానే కదలదు, కాసేపు ఆలోచిస్తుంది. ఆ తర్వాత ఎవరో వీపు మీద తన్నినట్టు ఎగురుతుంది. పెద్దపల్లి దాటాక ఒక బస్సును దాటేశాను. డ్రైవర్ నోరు తెరిచి చూశాడు. నా జన్మ ధన్యమైంది. ఆ పాలాయన ఎదురుపడకపోవడం ఒక్కటే వెలితి.

ఇక్కడే అసలు తిరకాసు. బరాత్ అంటే ఏమిటి? బ్యాండు వాళ్లు ముందు అడుగులో అడుగేస్తూ వాయించాలి, చుట్టాలు ఎగరాలి, వెనకాల కారు చీమలా పాకాలి. అంటే భూమిని వెనక్కి తోసే ఇంజన్ కొని, దాన్ని క్లారినెట్ వెనక నడిపించాలన్నమాట. ఈ ముక్క నాకు బరాత్ మొదలయ్యేదాకా తట్టలేదు. నాకు సరే, సత్తన్నకు తట్టొద్దా? మిస్త్రీకి తట్టొద్దా?

పొద్దున ముహూర్తం. ఊరి మొదట్లో విడిది. అక్కడి నుంచి నిటారుగా వచ్చి, మా ఇంటి సందులోకి కుడివైపు తిరగాలి. తిరగకుండా ముందుకే పోతే గోదావరి. వెనక సీట్లో పూలదండలతో మధుకర్, ముందు నా పక్కన సత్తన్న.

కొద్ది దూరం పోగానే ఇంజన్ వేడెక్కి, గుర్రుమంటూ పొగను కారులోకే ఊదడం మొదలుపెట్టింది. తెల్లగా మెరవాల్సిన పెళ్లికొడుకు బట్టలు బొగ్గుబావి నుంచి షిఫ్టు దిగినట్టయ్యాయి.

"బావా, జర పొగొస్తున్నది," అన్నాడు మధుకర్ మర్యాదగా.

"గది ముఫత్, బావా," అన్నాను.

సందు మలుపు దగ్గర బ్యాండు వాళ్లు ఆగి, ఆఖరి పాటకు ఊగుతున్నారు. చుట్టాలందరూ సందులోకి తిరిగారు. నేనూ తిరగబోతే కారు కదలనంది. కొద్దిగా తొక్కాను, ఉలుకూ పలుకూ లేదు.

"తొక్కు తమ్మీ, గాలి పట్టలే," అన్నాడు సత్తన్న.

"తొక్కుతున్ననే."

"ఇంక తొక్కు."

తొక్కాను. అది ఆలోచించింది. ఆలోచించి, ఆలోచించి, ఒక నిర్ణయానికి వచ్చింది.

కూత పెట్టి, సందు వదిలేసి నేరుగా ముందుకు ఎగిరింది. ఆ కూతకే బ్యాండు వాళ్లు డోళ్లు వదిలి తలో అరుగు ఎక్కారు. మలుపులో కట్టిన 'స్వాగతం' గుడ్డ ఊడి ముందు అద్దానికి అతుక్కుంది. నాకు రోడ్డు కనిపించదు, బ్రేకు తొక్కితే అది పాత ఇంజన్‌ను తలుచుకుని ఏడుస్తోంది. కుక్క తోక పట్టుకొని గోదావరి ఈదొద్దన్నారు పెద్దలు. మేం టర్బో తోక పట్టుకొని గోదావరి దాకా వచ్చాం. ఎండాకాలం కాబట్టి నీళ్లకు ముందే ఇసుక అడ్డుపడింది. కారు మూతి దూర్చి ఆగిపోయింది. అక్కడ బట్టలు ఉతుక్కునేవాళ్లు, తమ మీదికి వచ్చి పడిన 'స్వాగతం' చూసి దండం పెట్టాలో తిట్టాలో తెలియక నిలబడిపోయారు.

ఇక్కడ మేం ఇసుక దులుపుకుంటుంటే అక్కడ పందిట్లో ఏం జరిగిందో మా అవ్వ తర్వాత చెప్పింది. వరుడి తండ్రి మా బాపు మీదికి వచ్చాడట.

"మా పిలగాన్ని ఎటు పంపినవ్ బావా?"

"నేను పంపుడేంది? నా కొడుకు తోలుకపోయిండు."

"ఎందుకు తోలుకపోయిండు?"

"వాడు చేసే పని ఎందుకన్నది నాకు ఎన్నడు ఎరుకైంది, ఇయ్యాల ఎరుకైతదా?" అన్నాడట బాపు. అందరి ముందు. కన్నకొడుకు గురించి.

పెళ్లికొడుకు ఈ సంబంధం ఇష్టం లేక పారిపోయాడని ఒక చుట్టం మొదలుపెట్టింది. సుజాత పెళ్లిపీటల మీద తల వంచుకొని కూర్చుందట. నేను బాధపడింది ఆ ఒక్క సంగతికే.

ఇసుక తోలే ట్రాక్టర్ ఒకటి దొరికింది. మధుకర్‌ను మడ్‌గార్డు మీద కూర్చోబెట్టి, నేనూ సత్తన్నా తొట్లో ఇసుక మీద కూర్చొని వచ్చాం. ముహూర్తం దాటకముందే పందిరి చేరాం. సుజాత తలెత్తి, మసి బారిన మొగుణ్ణి ఒకసారి, ఇసుకలో మునిగిన అన్నను ఒకసారి చూసింది. "అన్నా, ఈయన్నేనా నేను చూసింది?" అంది. పందిరంతా నవ్వింది, పెళ్లి జరిగింది. సత్తన్న మాత్రం భోజనాలప్పుడు, "నేను వద్దన్న, తమ్ముడు ఇనలే," అని పంక్తి పంక్తికీ చెప్పుకుంటూ తిరిగాడు. చుట్టాలందరి తిట్లూ నాకే దక్కాయి. మధుకర్ ఒక్క మాట మాట్లాడలేదు. భయంతో నోరు పడిపోయిందేమోనని నాకు లోపల్లోపల దిగులు.

కొన్నాళ్లకు సుజాతతో మొదటిసారి మా ఇంటికి వచ్చాడు. భోజనం కాగానే నన్ను, ఇసుకలోంచి లాగించిన కారు పడి ఉన్న పశువుల కొట్టం వెనక్కి పిలిచాడు. క్షమాపణ చెప్పడానికి మాటలు కూర్చుకుంటూ వెళ్లాను.

ఆయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు. "బావా, ఇంజన్ ఇంక ఉన్నదా? ఇంకొక్కసారి గట్ల పోదామా?"

నాకు ఒళ్లు మండింది. "గీ మాట ఆ రోజు పందిట్ల అంటే నీ సొమ్ము ఏం పోతుండె? ఊరందరు నన్ను తిడుతుంటే మూగోని లెక్క కూసుంటివి."

"అంటే మా బాపు తంతుండె, బావా," అన్నాడు లెక్కల సారు.

అందుకని ఇదిగో, మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఏ బండి ఇంజనూ మార్చను, మార్చమనను, మార్చినదాన్ని ఎక్కను. చెల్లె మొగుడు అడిగినా సరే, కాళ్లు పట్టుకున్నా సరే. ఆ రోజు కొట్టం వెనకాల నుంచి మేమిద్దరం తాళంచెవి తీసుకొని పోయిన ఆ ఒక్కసారి మాత్రం లెక్కలోకి రాదు.